నివాసిని అడగని నిర్మాణం

వేసవి సెలవులు ప్రారంభం కాగానే మన ఉద్యోగుల కుటుంబాలు ప్రయాణాలకు సన్నద్ధమవుతాయి. తీర్థయాత్ర అయినా, బంధువుల ఇంట శుభకార్యం అయినా, వెళ్ళిన ఊళ్ళో జంతుప్రదర్శనశాల ఉన్నదంటే పిల్లల పట్టుదల ముందు పెద్దల కార్యక్రమం తలవంచక తప్పదు. హైదరాబాదులో 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతుప్రదర్శనశాల గాని, విశాఖపట్నంలో కంబాలకొండ అడవిని ఆనుకొని ఉన్న ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాల గాని, మైసూరులోని శ్రీ చామరాజేంద్ర జంతుప్రదర్శనశాల గాని చూడని కుటుంబం మన కాలనీలో అరుదు. పులి దగ్గర భయం, ఏనుగు దగ్గర ఆశ్చర్యం, నెమలి దగ్గర ఆనందం పిల్లలకు సహజం. చింపాంజీ దగ్గర మాత్రం వేరొక అనుభవం కలుగుతుంది. మనం దానిని చూస్తున్నామో, అది మనల్ని చూస్తున్నదో తేల్చుకోలేని స్థితి అది.

ఆ చూపునకు, మనకు నడుమ ఒక గోడో, కందకమో, మందపాటి గాజుపలకో ఉంటుంది. ఈ మాసం మన శీర్షికలో ఆ గోడను గురించి విచారిద్దాం. సాంకేతిక విషయాలకు కేటాయించిన ఈ పుటలో వానరాల ప్రసక్తి ఏమిటని పాఠకులు ఆశ్చర్యపోనవసరం లేదు. జంతువును ఉంచే ఆవరణ కూడా ఒక కట్టడమే. దానికీ డ్రాయింగు ఉంటుంది, అంచనా వ్యయం ఉంటుంది, టెండరు ఉంటుంది, తనిఖీ ఉంటుంది. ఆ కాగితాలన్నీ సక్రమంగా ఉండి, కాంట్రాక్టరుకు తుది బిల్లు చెల్లింపు కూడా జరిగిపోయి, లోపలి ప్రాణి మాత్రం దశాబ్దాల పాటు కుమిలిపోవడం సాధ్యమేనని గత శతాబ్దపు అనుభవం చెబుతున్నది. లోపం ఎక్కడ ఉన్నదో పరిశీలించడం మన వృత్తికి సంబంధించిన విషయమే.

ఎవరి కోసం కట్టాలి?

గొరిల్లా, చింపాంజీ, బొనోబో, ఒరాంగుటాన్‌లను కలిపి మహావానరాలు అంటారు. ఇవి కోతుల వంటివి కావు. వీటికి తోక ఉండదు, మెదడు పెద్దది, బాల్యం సుదీర్ఘమైనది. గొరిల్లా, చింపాంజీ, బొనోబోలు ఆఫ్రికా అడవులవి. ఒరాంగుటాన్ సుమత్రా, బోర్నియో దీవులది. మన దేశపు అడవులలో ఇవి ఏవీ లేవు. ఈశాన్య రాష్ట్రాలలో కనిపించే హూలాక్ గిబ్బన్ వీటికి చిన్న దాయాది మాత్రమే.

వీటి జీవనవిధానంలో కట్టడం తలపెట్టిన వారు ముందుగా తెలుసుకోవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి. మహావానరాలన్నీ రాత్రి పడుకోవడానికి కొమ్మలూ ఆకులూ వంచి పక్క అమర్చుకుంటాయి. నిన్నటి పక్కను వదలి నేడు కొత్తది కట్టుకోవడం వాటి అలవాటు. అంటే ప్రతి సాయంకాలమూ ప్రతి వానరమూ ఒక చిన్న నిర్మాణం చేపడుతుంది. గొరిల్లా కుటుంబంగా బ్రతుకుతుంది. వీపున వెండి రంగు తిరిగిన పెద్ద మగది ఆ కుటుంబానికి ఆధారం. చింపాంజీలు పెద్ద సమూహానికి చెంది ఉండి, పగటివేళ చిన్న చిన్న జట్లుగా విడిపోతూ, మళ్ళీ కలుస్తూ ఉంటాయి. ఒరాంగుటాన్ జీవితం దాదాపుగా చెట్ల మీదనే గడుస్తుంది. పెద్దవి ఎక్కువగా ఒంటరిగా తిరిగినా, పిల్ల మాత్రం ఏళ్ళ తరబడి తల్లిని అంటిపెట్టుకొనే ఉంటుంది. 1960లో టాంజానియాలోని గోంబే అడవిలో జేన్ గుడాల్ ఒక చింపాంజీని గమనించారు. అది గడ్డిపుల్లను చెదలపుట్టలో దూర్చి, దానిని పట్టుకొన్న చెదపురుగులను చప్పరిస్తున్నది. పనిముట్టు వాడగలవాడు మానవుడొక్కడే అన్న నమ్మకానికి ఆనాటితో కాలం చెల్లింది. ఆ మహనీయురాలు 2025 అక్టోబరులో తన 91వ ఏట కన్నుమూశారు.

సంరక్షణలో ఉన్న మహావానరం నలభై, యాభై ఏళ్ళు జీవించగలదు. మనలో ఒక ఉద్యోగి శిక్షణార్థిగా చేరి పదవీ విరమణ చేసే కాలం కంటె అది ఎక్కువ. అంతకాలం ఒకరు నివసించే చోటును ప్రదర్శన బల్లలా కాక, ఇల్లులా ఆలోచించి కట్టవలసి ఉంటుంది. ఆ ఆలోచన చాలాకాలం జరగలేదు.

సదుద్దేశంతో పరచిన కాంక్రీటు

నున్నని సిమెంటు గచ్చు, గోడలకు తెల్లని పింగాణీ పలకలు, మూలన నీటిగొట్టం, ముందువైపు ఇనుప కమ్ములు — ఒక తరం వారికి కళ్ళకు కట్టే బోను ఇది. దీనిని కట్టినవారు కఠినాత్ములని అనుకోవడం న్యాయం కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో ఐరోపా నగరాలకు తెచ్చిన గొరిల్లాలు ఎక్కువకాలం బ్రతికేవి కావు. మనుషుల నుంచి సోకే క్షయ, జలుబు, శ్వాసకోశ వ్యాధులు వాటిని కబళించేవి. మన శరీరానికి అంత దగ్గరి శరీరం కావడం వల్ల మన రోగాలన్నీ వాటికీ వర్తిస్తాయి. కాబట్టి శుభ్రతే పరమావధి అయింది. ఆసుపత్రి గది వలె రోజూ కడగడానికి వీలైన బోను ఆనాటి వైద్యశాస్త్రం ఇచ్చిన సమాధానం.

ఆ ఆలోచనకు పరాకాష్ఠ 1933 నాటి లండన్ జంతుప్రదర్శనశాలలోని గొరిల్లా భవనం. ప్రసిద్ధ వాస్తుశిల్పి బెర్తోల్డ్ లుబెట్కిన్ తన టెక్టన్ బృందంతో కలిసి దానిని వలయాకారంలో, రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటుతో నిర్మించారు. ఆధునిక వాస్తుకళ విద్యార్థులకు అది నేటికీ పాఠ్యాంశం. బ్రిటన్ ప్రభుత్వం దానిని రక్షిత కట్టడంగా గుర్తించింది. నిర్మాణంగా అది చిరస్థాయి అయింది. గొరిల్లాకు తగిన ఇల్లుగా మాత్రం నిలవలేదు. ఒకే కట్టడం ఒక కొలబద్దతో ఉత్తమంగాను, మరొక కొలబద్దతో అనర్హంగాను తేలగలదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఆ కొలబద్దను పరిశీలిస్తే విషయం విశదమవుతుంది. కడగడానికి వీలు కావాలన్నది పారిశుధ్య సిబ్బంది అవసరం. తప్పించుకొని పోరాదన్నది భద్రతాధికారి అవసరం. అన్ని వైపులనుంచి కనబడాలన్నది టిక్కెట్టు కొన్న ప్రేక్షకుని అవసరం. ఖర్చు మితిమీరరాదన్నది లెక్కల శాఖ అవసరం. నలుగురి అవసరాలూ న్యాయమైనవే. అయిదవ పక్షం, అంటే అందులో అహోరాత్రాలు ఉండవలసిన నివాసి, పట్టికలో కనబడదు. ఆ నివాసి సంతకం చేయలేదు, అభ్యంతరం దాఖలు చేయలేదు.

మాటరాని వారి ఫిర్యాదు

అయినా నివాసి తన అభిప్రాయాన్ని వేరొక రీతిలో తెలియజేస్తూనే ఉంటుంది. బేరింగు చెడిన యంత్రం నోటితో చెప్పదు; కంపనం పెరుగుతుంది, వేడి పెరుగుతుంది, శబ్దం మారుతుంది. అనుభవం గల ఫిట్టరు ఆ మార్పును చదువుకొంటాడు. ఇరుకు బోనులో ఒంటరిగా ఉన్న మహావానరం గంటల తరబడి ముందుకూ వెనుకకూ ఊగుతుంది. తన ఒంటి వెంట్రుకలను తానే పీకి, చర్మం బయటపడేదాకా ఊరుకోదు. తిన్న ఆహారాన్ని నోటిలోకి తెచ్చుకొని మళ్ళీ మళ్ళీ మింగుతుంది. ఒకే దారిలో, ఒకే లెక్కన అడుగులు వేస్తుంది. ఈ చేష్టలను చూసి "భలే ఆడుతోందే" అని చప్పట్లు కొట్టేవారు ఉంటారు. వాస్తవానికి అవి ఆటలు కావు. స్వేచ్ఛగా అడవిలో ఉన్న వానరాలలో ఇటువంటి చేష్టలు దాదాపుగా కనిపించవు. వీటిని యంత్రపు మీటరు మీది అంకెలుగా గ్రహించడం నేర్చుకోవాలి.

అట్లాంటాలో జరిగిన మరమ్మతు

చెడిన దానిని సరిచేసిన ఉదంతం ఒకటి ఇక్కడ వివరించడం అవసరం. అమెరికాలోని అట్లాంటా నగరపు జంతుప్రదర్శనశాలకు 1961లో ఒక గొరిల్లా పిల్ల వచ్చింది. నగర మేయరు విలియం బి. హార్ట్స్‌ఫీల్డ్ పేరిట దానికి విల్లీ బి. అని పేరు పెట్టారు. నాలుగు గోడల మధ్య, ఆకాశం కానరాని గదిలో, ఊగడానికి ఒక లారీ టైరు, కాలక్షేపానికి ఒక టెలివిజన్ పెట్టెతో అది 27 సంవత్సరాలు గడిపింది. ఆ కాలంలో మరొక గొరిల్లా సాహచర్యం దానికి లేదు. నగరవాసులకు అదంటే ఎనలేని అభిమానం. పిల్లలు దానిని చూస్తూ పెద్దవారై తమ పిల్లలను తెచ్చి చూపించారు. అభిమానం ఉన్నంత మాత్రాన సదుపాయం ఉన్నట్లు కాదన్న సంగతి మాత్రం చాలాకాలం ఎవరికీ తట్టలేదు.

1984లో ఆ సంస్థ దేశంలోని అత్యంత నికృష్టమైన పది జంతుప్రదర్శనశాలల జాబితాకు ఎక్కింది. నగరం సిగ్గుపడింది. జార్జియా సాంకేతిక విద్యాసంస్థలో మనస్తత్వశాస్త్రం బోధించే టెర్రీ మేపుల్ గారికి నిర్వహణ అప్పగించారు. వానరాల ప్రవర్తనను అధ్యయనం చేసినవారు కావడంతో, ఆయన కట్టడం పనిని నివాసి వైపు నుంచి ప్రారంభించారు. ఏటవాలు నేలలు, చెట్లు, బండరాళ్ళు, చాటుకు పోగల మరుగులు గల విశాలమైన ఆవరణలు సిద్ధమయ్యాయి. 1988లో ఒకనాడు తలుపు తెరుచుకున్నది. 27 ఏళ్ళ తరువాత విల్లీ బి. మొదటిసారిగా గడ్డి మీద పాదం మోపింది. తరువాతి సంవత్సరాలలో అది కుటుంబాన్ని ఏర్పరచుకొని అయిదు పిల్లలకు తండ్రి అయింది. 2000 ఫిబ్రవరిలో మరణించినప్పుడు సంస్మరణ సభకు వేలమంది నగరవాసులు తరలివచ్చారు.

ఇదే అట్లాంటాకు 1994లో మరొక అతిథి చేరింది. దాని పేరు ఐవాన్. వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమా పట్టణంలో ఒక దుకాణ సముదాయం లోపల, కొనుగోలుదారులను ఆకర్షించే నిమిత్తం, దానిని కూడా సుమారు 27 ఏళ్ళు కాంక్రీటు గదిలో ఒంటరిగా ఉంచారు. ప్రజల ఆందోళన, దుకాణం దివాలా కలిసివచ్చి చివరికి విముక్తి లభించింది. ఐవాన్‌కు కూడా గడ్డి, చెట్లు, ఆడ గొరిల్లాల సాహచర్యం దొరికాయి. కాని విల్లీ బి. వలె అది కుటుంబాన్ని పొందలేకపోయింది, సంతానం కలగలేదు. మనుషుల మధ్యనే పెరిగిన ఆ జీవి చివరిదాకా మనుషుల సాంగత్యానికే మొగ్గు చూపింది. 2012లో, సుమారు 50 ఏళ్ళ వయసులో, మరణించింది. అదే సంవత్సరం కేథరిన్ యాపిల్‌గేట్ దాని కథ ఆధారంగా రచించిన బాలల నవలకు 2013లో న్యూబెరీ పతకం వచ్చింది.

రెండు ఉదంతాలను పక్కపక్కన పెట్టి చూస్తే రెండు విషయాలు తెలుస్తాయి. మొదటిది, ముప్పయ్యో పడిలో ఉన్న గొరిల్లాకు సైతం మార్పు మేలు చేయగలదు. "ఇన్నేళ్ళు అలవాటుపడింది, ఇప్పుడెందుకు కదిలించడం" అన్న వాదన నిలవదు. రెండవది, కొంత నష్టాన్ని ఎంత మంచి కట్టడమూ పూడ్చలేదు. అలసిన లోహాన్ని ఎంత మెరుగుపెట్టినా లోపలి పగులు పోనట్లే, ఆలస్యానికి కూడా ఒక ధర ఉంటుంది. ఆ ధర చెల్లించేది ఆలస్యం చేసినవారు కాదు.

చదరపు గజాల లెక్క చాలదు

ఆవరణ పెద్దది చేస్తే సమస్య తీరిపోతుందని భావించడం మనవంటి సాంకేతికులకు సహజం. స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు హైనీ హెడిగర్ 1942లోనే ఈ భావనను సవరించారు. అడవిలోని జంతువు కూడా ఇష్టం వచ్చినట్లు తిరగదు, తన అవసరాలు తీరే చోట్ల మధ్యనే తిరుగుతుంది. కాబట్టి విస్తీర్ణం ఎంత ముఖ్యమో దాని నాణ్యత అంతకంటె ముఖ్యం అని ఆయన బోధించారు. తరువాతి పరిశీలనలు దీనిని బలపరిచాయి. విశాలమైన పచ్చిక మైదానంలో వదిలిన గొరిల్లాలు మైదానం నడుమ కూర్చోవు. గోడల వారన, చెట్ల మొదళ్ళ వద్ద, ఏటవాలు చోట్ల, తలుపుల సమీపంలో ఉంటాయి. వీపుకు ఆనుడు, తలపైన నీడ, పదిమంది చూపుల నుంచి కాస్త చాటు వాటికి కావాలి. ఆలోచిస్తే మనం మాత్రం రైల్వే ప్లాట్‌ఫారం మీద స్తంభానికి ఆనుకొని నిలబడటం లేదా?

ఇక్కడ మరొక మెలకువ అవసరం. 1970 దశకం చివరి నుంచి, ముఖ్యంగా 1979లో సియాటిల్ నగరంలోని వుడ్‌ల్యాండ్ పార్క్‌లో గొరిల్లాల ఆవరణ ఏర్పడిన తరువాత, అడవిని తలపించే ఆవరణల శకం మొదలైంది. ఇది గొప్ప ముందడుగు. అయితే పచ్చదనం ఎవరికోసం అన్న ప్రశ్న తప్పదు. కొన్ని చోట్ల చెట్ల చుట్టూ విద్యుత్తు తీగ చుట్టి, వానరం వాటిని తాకకుండా చేస్తారు. చూపరికి అది అడవి. నివాసికి అది గోడ మీది బొమ్మ. ప్రేక్షకుని అంతరాత్మకు ఊరట కలిగించినంత మాత్రాన పని పూర్తి అయినట్లు కాదు.

మంచి ఆవరణ లక్షణాలను ఈ విధంగా చెప్పుకోవచ్చు. ఒరాంగుటాన్‌కు నేల విస్తీర్ణం కంటె ఎత్తు ముఖ్యం. ఊగే తాళ్ళు, వంగే స్తంభాలు, వేర్వేరు ఎత్తులలో మంచెలు కావాలి. నేల మెత్తగా ఉండాలి. ఇంగ్లండులోని హౌలెట్స్ జంతుశాలలో గొరిల్లాల గదులలో మందంగా గడ్డి పరచి, గింజలు చల్లి, వెదుక్కొనే పని కల్పించారు. పక్క అమర్చుకోవడానికి రోజూ కొమ్మలు ఇవ్వాలి. లోపలికి, బయటికి పోయే స్వేచ్ఛ జీవికి ఉండాలి; తలుపు తాళం ఎల్లవేళలా మనుషుల చేతిలో ఉంటే ఎంత విశాలమైన ఆవరణ అయినా బందిఖానాయే. గొడవ పడినప్పుడు ఒకరి కంట ఒకరు పడకుండా తప్పుకొనేందుకు రెండు దారులు ఉండాలి. ఒకే దారి ఉంటే బలహీనమైనది మూలన చిక్కుకుంటుంది.

అన్నిటికీ మించి పని కావాలి. అడవిలో గొరిల్లా పగటివేళ అధిక భాగం తిండి సేకరణకు, నమలడానికి వెచ్చిస్తుంది. బోనులో పోషకాల బిస్కెట్లు పది నిమిషాలలో అయిపోతే మిగిలిన రోజంతా ఏమి చేయాలి? అమెరికాలోని క్లీవ్‌లాండ్ జంతుప్రదర్శనశాలలో రెండు మగ గొరిల్లాలకు బిస్కెట్లు మాన్పించి ఆకుకూరలు, కొమ్మలు అధికంగా ఇచ్చారు. ఒక ఏడాదిలో ఒక్కొక్కటి సుమారు 30 కిలోల బరువు తగ్గింది. తిన్నది కక్కుకొని మళ్ళీ తినే అలవాటు ఆగిపోయింది. సంరక్షణలోని మగ గొరిల్లాల మరణాలకు గుండెజబ్బు ప్రధాన కారణం కావడం వల్ల ఈ ఫలితం ఎంతో విలువైనది. ఇందులో ఒక్క ఇటుకను కదిలించిన దాఖలా లేదు. కొన్ని మార్పులకు నిధుల కంటె శ్రద్ధ అవసరం.

భద్రత ఇరువైపులదీ

కర్మాగారంలో పనిచేసే మనకు భద్రత నిత్యపాఠం. జంతువుల ఆవరణలో భద్రత అంటే మనిషిని జంతువు నుంచి కాపాడటమే అనుకొంటే అది సగం పాఠమే. 2016 మే 28న సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో మూడేళ్ళ బాలుడు అడ్డుకంచె దాటి గొరిల్లాల కందకంలో పడిపోయాడు. బాలుని రక్షించడానికి హరాంబే అనే 17 ఏళ్ళ గొరిల్లాను కాల్చివేయవలసి వచ్చింది. ఆ క్షణంలో తీసుకొన్న నిర్ణయం మీద ప్రపంచమంతా వాదించింది. మన దృష్టిలో అసలు ప్రశ్న ఆ క్షణానికి ముందుది. మూడు అడుగుల అడ్డుకంచెను తరువాత 42 అంగుళాలకు పెంచి, చిన్నపిల్లలు దూరలేని వల బిగించారు. ఆ ఆరు అంగుళాలు, ఆ వల ముందే ఉండి ఉంటే బాలుడూ పడేవాడు కాదేమో, గొరిల్లా బ్రతికేదేమో.

మరొకటి ఇంకా విషాదకరం. 2020 నూతన సంవత్సరాది రాత్రి జర్మనీలోని క్రెఫెల్డ్ పట్టణంలో ఎవరో వేడుకగా ఎగురవేసిన ఆకాశదీపం 1975 నాటి వానరభవనం కప్పు మీద పడింది. పారదర్శకమైన ప్లాస్టిక్ పలకలతో కట్టిన ఆ కప్పు అంటుకొని భవనం కాలిపోయింది. ఒరాంగుటాన్‌లు, గొరిల్లాలు, ఒక చింపాంజీ సహా 30కి పైగా జంతువులు మరణించాయి. రెండు చింపాంజీలు మాత్రం ప్రాణాలతో బయటపడ్డాయి. వెలుతురు కోసం, వెచ్చదనం కోసం కట్టిన కప్పే మృత్యువును తెచ్చింది. తప్పించుకోరాదని కట్టిన తలుపు అగ్నిప్రమాదంలో ఏ విధంగా తెరుచుకోవాలి అన్న ప్రశ్నకు డ్రాయింగు మీదనే సమాధానం ఉండాలి. నీటి కందకాల విషయమూ ఇంతే. మహావానరాలకు సహజంగా ఈత రాదు. అవి పారిపోకుండా తవ్విన నీటి కందకాలలో మునిగి చనిపోయిన ఉదంతాలు పలు దేశాలలో ఉన్నాయి.

ఆరో అంతస్తు, అంతులేని వాదన

బ్యాంకాక్ నగరంలో పాటా అనే బహుళ అంతస్తుల దుకాణం పై అంతస్తులలో 1980 దశకం నుంచి ఒక జంతుప్రదర్శనశాల నడిచింది. అక్కడ బువా నోయ్ — థాయ్ భాషలో "చిన్న తామర" — అనే ఆడ గొరిల్లా మూడు దశాబ్దాలకు పైగా కమ్ముల వెనుక గడిపింది. ఆమెను విడిపించాలని అంతర్జాతీయ ఉద్యమం జరిగింది. 2022లో థాయ్‌లాండ్ మంత్రిత్వశాఖ యజమానులు 3 కోట్ల బాత్‌ల ధర చెబుతున్నారని, అంత సొమ్ము సేకరించడం కష్టంగా ఉన్నదని వెల్లడించింది. ఈ వయసులో తరలిస్తే ఆమెకు ప్రమాదమని యజమానుల పక్షం వాదించింది. ఆస్తి హక్కు, వైద్య సందేహం, నిధుల కొరత — ఈ మూడింటి మధ్య ఒక జీవితకాలం కరిగిపోవడాన్ని ప్రపంచం చూసింది. కట్టడం అనుచితమని అందరికీ తెలిసినా, ఖాళీ చేయించే అధికారం, వ్యయం, బాధ్యత ఎవరివో ముందుగా నిర్ణయించకపోతే ఇలాగే జరుగుతుంది.

మన దేశం సంగతి

మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 1991 సవరణ ద్వారా జంతుప్రదర్శనశాలలకు ప్రత్యేక అధ్యాయం చేర్చారు. 1992లో కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ ఏర్పడింది. గుర్తింపు లేనిదే జంతుశాల నడపరాదు. ఆవరణలకు, వైద్యానికి, సిబ్బందికి ప్రమాణాలు ఉన్నాయి. ఇది ముదావహం.

అయినా ఒంటరితనం అన్నది చట్టం ఒక్కటే తీర్చగల సమస్య కాదు. 1995లో డబ్లిన్ నుంచి మైసూరుకు వచ్చిన పోలో అనే గొరిల్లా, దేశంలోని ఏకైక గొరిల్లాగా, 2014లో మరణించే వరకు తోడు లేకుండానే ఉన్నది. ఒడిశాలోని నందన్‌కానన్‌లో దేశంలోని ఏకైక ఒరాంగుటాన్‌గా పేరొందిన బిన్నీ 2019లో, 41 ఏళ్ళ వయసులో, కన్నుమూసింది. ఆ రెండింటినీ సంరక్షకులు ఎంతో ప్రేమగా చూసుకొన్నారనడంలో సందేహం లేదు. కాని "దేశంలో ఇదొక్కటే" అని మనం గర్వంగా చెప్పుకొనే మాటను ఆ జీవి వైపు నుంచి వింటే, "నాకు ఎవరూ లేరు" అని వినిపిస్తుంది. 2021లో మైసూరుకు జర్మనీ నుంచి రెండు గొరిల్లాలు, వాటి కోసం కొత్త ఆవరణ రావడం పాత అనుభవం నుంచి నేర్చుకొన్న దానికి గుర్తుగా మేము భావిస్తున్నాము.

వీటిని అసలు బంధించనే కూడదు కదా అని కొందరు పాఠకులు ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్న సమంజసమైనదే. మహావానర జాతులన్నీ నేడు అంతరించే ప్రమాదంలో ఉన్నాయి, అడవులు తరిగిపోతున్నాయి. బోనులో పుట్టి పెరిగినవాటిని తలుపు తెరిచి అడవికి పంపితే అవి బ్రతకలేవు. కాబట్టి ఉన్నవాటికి జీవితాంతం తగిన నివాసం కల్పించడం తప్పించుకోరాని బాధ్యత. తగిన తోడు, తగిన ఆవరణ, యాభై ఏళ్ళ పోషణకు హామీ లేనిచోట కొత్తవాటిని తెచ్చిపెట్టకపోవడం అంతకంటె పెద్ద బాధ్యత. ఏ సంస్థ అయినా నిర్వహణ బడ్జెట్ లేకుండా కొత్త యంత్రం కొనడాన్ని మన ఆడిటర్లు అంగీకరిస్తారా?

మనం చేయగలిగినది

మొదటిది సందర్శకులుగా మన ప్రవర్తన. జంతుశాలలోని జంతువులను ఏడిపించడం, వాటికి తినుబండారాలు వేయడం వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38-జె సెక్షను ప్రకారం నేరం. లండన్‌లో 1947 నుంచి ఉండి లక్షలాది మంది మన్ననలు పొందిన గై అనే గొరిల్లా సందర్శకులు విసిరిన మిఠాయిలతో పళ్ళు పాడుచేసుకొని, 1978లో ఆ పళ్ళకు శస్త్రచికిత్స జరుగుతుండగా గుండె ఆగి మరణించింది. ప్రేమతో విసిరినవే ఆ మిఠాయిలు. గాజుపలకను తట్టకుండా, కేకలు వేయకుండా, పది నిమిషాలు నిలబడి చూడటం పిల్లలకు నేర్పుదాం. అది ఎక్కడ కూర్చున్నది? దానికి తోడు ఎవరు? చాటుకు పోవాలనుకొంటే చోటు ఉన్నదా? చేతికి ఏదైనా పని ఉన్నదా? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానం రాసుకొని ఇంటికి వచ్చిన పిల్లవాడు పాఠ్యపుస్తకం కంటె ఎక్కువ నేర్చుకొన్నట్లే. సమాధానాలు బాధ కలిగిస్తే సందర్శకుల పుస్తకంలో మర్యాదగా నమోదు చేయడం మన హక్కు.

రెండవది సంస్థలుగా మన అవకాశం. 2013 నాటి కంపెనీల చట్టంలోని ఏడవ షెడ్యూలు సామాజిక బాధ్యతా కార్యక్రమాల కింద జంతు సంక్షేమాన్ని కూడా చేర్చింది. పలు జంతుశాలలు దత్తత పథకాలను నిర్వహిస్తున్నాయి. ప్రభుత్వ రంగ సంస్థలు ఈ దిశగా ముందుకు వచ్చినప్పుడు నిధులతో పాటు సాంకేతిక సేవను కూడా అందించగలవు. తాళ్ళ బలాన్ని లెక్కించడం, మంచెల అతుకులను పరీక్షించడం, అగ్నిమాపక ఏర్పాట్లను, అత్యవసర ద్వారాలను సరిచూడటం మన సిబ్బందికి కొట్టిన పిండి.

అటువంటి పని ఎవరి చేతికి వచ్చినా మాది ఒకే మనవి. కొలతల పట్టిక తయారు చేయడానికి ముందు, ఆ జీవికి రోజూ తిండి పెట్టే సంరక్షకుణ్ణి, పశువైద్యుణ్ణి కూర్చోబెట్టుకొని మొదటి పుట వారిచేత రాయించాలి. ప్రారంభోత్సవం నాడు శిలాఫలకం మీద తెర తొలగించడంతో పని ముగిసిందని భావించక, కొత్త యంత్రానికి పనితీరు హామీ పరీక్ష జరిపినట్లే, ఏడాది పాటు నివాసి ఏ మూల వాడుతున్నది, ఏ మూల విడిచిపెడుతున్నది అని గమనించి, అవసరమైన మార్పులకు నిధి మిగిల్చి ఉంచాలి. మెచ్చుకోలు పత్రం సంతకం చేసి ఇవ్వలేని వినియోగదారు అది. తుది బిల్లు మీద సంతకం పెట్టే అధికారి ఆ ఏడాది పరిశీలన నివేదికను ముందు చదివి, తరువాతనే కలం తీయాలి.